మొదటి హోలు

మా ఆవిడకి గోల్ఫంటే గిట్టదు. "ఆ బంతిని కర్రతో అంత దూరం కొట్టడమెందుకు, మళ్ళీ దాన్ని వెతుక్కుంటూ పోవడమెందుకు? కొట్టకపోతే కాళ్ళ దగ్గరే ఉండేది కదా!" అంటుంది. ఈ ప్రశ్నకి నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. కాబట్టి గోల్ఫు ఎందుకాడాలో నేను చెప్పబోవడం లేదు. నేను చెప్పేది అంతకన్న చిన్న విషయం. ఆట ఎత్తుకునే ఆ మొదటి హోలు ఎలా ఉంటే బాగున్నట్టు? కథకి ఎత్తుగడ ఎలా ఉండాలి, నవలకి మొదటి వాక్యం ఎలా ఉండాలి అని పెద్దలు ఎన్నోసార్లు చర్చించారు. పచ్చిక మైదానానికి మాత్రం ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

నా అర్హత కూడా ముందే చెప్పేస్తాను. ఏమీ లేదు. సికింద్రాబాదులో రైల్వే ఆఫీసు గుమాస్తాగా ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు మోసి రిటైరైనవాణ్ణి. 1806లో సికందర్ జా పేరు పెట్టుకుని వెలసిన ఈ ఊరు పుట్టడమే కంటోన్మెంటుగా పుట్టింది. దొరలతోబాటు బ్యాండుమేళం, కేకులు, పోలో, గోల్ఫు అన్నీ వచ్చాయి. దొరలు పోయినా ఆటలు మిగిలాయి. అయితే గోల్ఫన్నది మిలటరీ ఆఫీసర్లు ఆడేదనీ, మనబోటివాళ్ళు బొల్లారం బస్సు కిటికీలోంచి చూసేదనీ అనుకుంటూనే నా సర్వీసంతా గడిచిపోయింది.

నన్ను చెడగొట్టింది మా వీధిలో ఉండే మేజరుగారు. కోనసీమ మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను "గుమాస్తాగారూ" అని తప్ప పేరు పెట్టి పిలవరు. ఒక ఆదివారం తెల్లవారకుండానే తలుపు కొట్టి, "బూట్లు వేసుకోండి" అన్నారు. మిలటరీ గొంతుకి ఎదురు చెప్పే అలవాటు గుమాస్తాలకి ఉండదు.

కంటోన్మెంటులో ఒక మైదానం. ఆరుంపావు అయింది. వేపచెట్ల మీద నెమళ్ళు అరుస్తున్నాయి. మొదటి హోలు మొదలయ్యే చోటుని టీ అంటారు. ఆ టీకి వెనకాలే వరండా, వరండాలో నలుగురైదుగురు నిజంగానే టీ తాగుతున్నారు. నేను కర్ర ఎత్తేసరికి వాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఎత్తాను, కొట్టాను. బంతి ఎక్కడిది అక్కడే ఉంది. గాలిని కొట్టినా అది ఒక దెబ్బ కింద లెక్కేనట, ఆ సంగతి అప్పుడే తెలిసింది. రెండోసారి బంతికి తగిలింది గానీ అది ముందుకి పోకుండా పక్కకి దొర్లి ఒక బెంచీ కింద దాక్కుంది. నాకూ దాని పక్కన దూరాలనిపించింది.

బ్యాగు మోసే క్యాడీ కుర్రాడు జాలిగుండె కలవాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. మొదటి హోలే ఖరాబుంది. అందరికీ గిట్లనే అయితది" అన్నాడు.

మేజరుగారు ఒప్పుకోలేదు. "హోలుకేం రా, భేషైన హోలు. మనిషే కంగారుపడ్డాడు" అన్నారు.

ఆ రోజు మొదలైన వాదం ఇన్నేళ్ళయినా మా ఇద్దరి మధ్య తెగలేదు. ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆ వాదమే.

గోల్ఫు తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. హోలంటే ఉత్త గుంత అనుకునేరు. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలే. టీ మొదలుకుని, పచ్చిక బాట మీదుగా, ఇసక గుంటలు తప్పించుకుని, ఆ గుంత ఉన్న నున్నటి గ్రీను దాకా ఉన్న దారి మొత్తాన్నీ హోలు అంటారు. అలాంటివి పద్ధెనిమిది. ఈ లెక్క ఏ శాస్త్రంలోనూ పుట్టలేదు. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ వాళ్ళు 1764లో తమ ఇరవై రెంటిని పద్ధెనిమిదికి కుదించుకున్నారు, కాలక్రమేణా లోకమంతా వాళ్ళని అనుసరించింది. మంచి ఆటగాడు ఒక హోలుని ఎన్ని దెబ్బల్లో ముగించాలో ఆ సంఖ్యని పార్ అంటారు. అది మూడో, నాలుగో, అయిదో ఉంటుంది.

ఇక మొదటి హోలు సంగతి. మన ఆలంకారికుడు దండి ఎన్నడూ గోల్ఫు కర్ర పట్టలేదు గానీ ఈ ప్రశ్నకి దారి చూపించాడు. కావ్యానికి ముఖం మూడు రకాలుగా ఉండవచ్చునన్నాడు: ఆశీర్వాదం, నమస్కారం, వస్తునిర్దేశం. పాఠకుణ్ణి చల్లగా ఉండమని దీవించవచ్చు, దేవుడికో పెద్దలకో దణ్ణం పెట్టవచ్చు, లేదా చెప్పబోయే కథేమిటో సూచించవచ్చు. మైదానాలు గీసేవాళ్ళలో ఎక్కువమంది మొదటి పక్షం. మొదటి హోలు తేలిగ్గా ఉండాలి, వెడల్పుగా ఉండాలి, వచ్చినవాణ్ణి "దయచేయండి" అని కూచోబెట్టాలి అంటారు. ఇందులో సౌజన్యం ఎంతుందో లౌక్యమూ అంతే ఉంది. మొదటి హోలు దగ్గరే నాలాంటివాడు పది దెబ్బలు కొడుతూ కూచుంటే వెనకాల వచ్చేవాళ్ళంతా లెవెల్ క్రాసింగు దగ్గర లారీల్లా నిలిచిపోతారు. రైల్వే మనిషిని కనక ఈ వాదన నాకు వెంటనే ఎక్కింది.

కానీ ఆశీర్వాదం ఒక్కటీ చాలదు. పెళ్ళి రిసెప్షన్లో గుమ్మం దగ్గర పన్నీరు చల్లేవాడి మొహం ఎవరికి గుర్తుంటుంది? తేలిగ్గా ఉండి, మరేమీ చెప్పని మొదటి హోళ్ళు అలాంటివే. రెండో హోలు చేరేసరికి మర్చిపోతాం. సంగీతంవాళ్ళకి ఇంతకంటే బాగా తెలుసు. ఆరియకూడి రామానుజ అయ్యంగారు కచేరీకి ఒక వరస ఏర్పరిచి వర్ణంతో ఎత్తుకోవడం స్థిరపరిచారు. వర్ణం గొంతుని వేడెక్కిస్తుంది, నిజమే. కానీ అది ఉత్త కసరత్తు కాదు. రాగం నడకంతా అందులో పొట్లం కట్టి ఉంటుంది. పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవిలో చేసిన అట తాళ వర్ణం పాడినవాళ్ళని అడగండి, మొదట పాడేది తేలికగానే ఉంటుందేమో!

ఇంగ్లండులో రాయల్ లిథమ్ అనే పేరున్న మైదానం ఉంది. అది మూడు దెబ్బల హోలుతో మొదలవుతుంది. ఓపెన్ పోటీలు జరిగే మైదానాల్లో ఇలాంటిది అదొక్కటే. దాదాపు రెండువందల గజాల దూరంలో గ్రీను, ఒక్క దెబ్బతో చేరుకోవాలి. నాకిది నచ్చలేదు. స్టేషను దాటకుండానే సిగ్నలు దగ్గర ఆగిన బండిలా అనిపిస్తుంది. మేజరుగారు మాత్రం, "మొదటి బుల్లెట్టుకే గురి చూడమంటోంది, అందులో తప్పేముంది?" అంటారు. వారి వృత్తి వారిది.

నా మనసు దోచినది మరొకటుంది. స్కాట్లండులోనే ప్రెస్ట్‌విక్. 1860లో మొట్టమొదటి ఓపెన్ పోటీ జరిగింది అక్కడే. అప్పట్లో పన్నెండు హోళ్ళే. ఆనాటి మొదటి హోలు 578 గజాల పొడవు. అప్పటి కర్రలతో, అప్పటి గట్టి రబ్బరు బంతితో కుర్ర టామ్ మోరిస్ దాన్ని 1870లో మూడే దెబ్బల్లో ముగించాడు! ఆ హోలు ఇప్పుడు లేదు. ఇప్పటి మొదటి హోలు పేరేమిటో తెలుసా? "రైల్వే". పొడవునా కుడివేపు రాతి గోడ, గోడవతల రైలు పట్టాలు. కొత్తగా ఆడేవాడి బంతి, కుడిచేతివాటం వాడైతే, నూటికి తొంభైపాళ్ళు కుడివేపుకే వంకరపోతుంది. అంటే మనిషికి సహజంగా ఉన్న బలహీనత పక్కనే పట్టాలు పరిచారన్నమాట. అలాగని భయపడి మరీ ఎడమకి కొడితే అటు ముళ్ళపొదలు. ఆ మైదానమంతటా కనబడే ఇరుకూ, వంకరా, కొంటెతనమూ ఆ మొదటి దెబ్బలోనే తెలిసిపోతాయి. దండి చెప్పిన వస్తునిర్దేశమంటే ఇదీ. గోడ దాటి పట్టాల మీద పడిన సామానుకి రైల్వేవారు బాధ్యులు కారు, ఆ సంగతి నేను సర్టిఫై చెయ్యగలను.

వరస మారితే అర్థమెంత మారుతుందో చూపించడానికి అమెరికాలోని అగస్టా ఒక్కటి చాలు. 1934లో అక్కడ మొదటిసారి మాస్టర్స్ పోటీ పెట్టినప్పుడు ఇప్పుడు పదోది అనే హోలుతో ఆట మొదలైంది. అంటే నీళ్ళూ చెట్లూ కలిసి ఆటగాళ్ళని ఏడిపించే 11, 12, 13 హోళ్ళు అప్పుడు రెండు, మూడు, నాలుగు! మరుసటి ఏడు ముందు సగాన్ని వెనక్కీ వెనక సగాన్ని ముందుకీ మార్చేశారు. నీడపట్టున పొద్దుటి మంచు ఆలస్యంగా కరగడం కారణమని చెబుతారు. కారణమేదైనా నాటకం బాగుపడింది. నేల అదే, చెట్లు అవే, ఒక్క చిగురైనా మారలేదు. కానీ యుద్ధం సీను పాండవోద్యోగానికి ముందే వస్తే ఏం బాగుంటుంది? సాయంత్రానికి దాచవలసింది పొద్దున్నే ఖర్చుపెట్టేశారు మొదట.

ఇదే తప్పు మాక్రిహానిష్‌లో ఉందంటాను నేను. అట్లాంటిక్ సముద్రం ఒడ్డున టీ. ఎడమవేపు ఇసకతిన్నె, అలలు. ఆ నీళ్ళ మూల మీదుగా బంతిని దాటించాలి. ఫొటో చూస్తే ఒళ్ళు ఝల్లుమంటుంది. కానీ మొదటి పద్యంలోనే బంధకవిత్వం మొదలెట్టిన కవిలాగుంది ఆ హోలు. మేజరుగారికి కోపం వచ్చింది. "మీరు సగమే చెబుతున్నారు. ఎంత నీటి మీదుగా కొట్టాలన్నది ఎవడి ఇష్టం వాడిది. ధైర్యస్థుడు ఎక్కువ కోసుకుపోతాడు, మీరు తక్కువ కోసుకుని కుడివేపుగా పొండి. ఎవరొద్దన్నారు?" అన్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది నాకు తట్టలేదు.

ఆ మాట వల్లే నాకు చెర్రీ హిల్స్ కథ అర్థమైంది. అమెరికాలో డెన్వరు దగ్గర. 1960 యు.ఎస్. ఓపెన్. మొదటి హోలు పల్లానికి దిగే 346 గజాల పార్ నాలుగు. అందరూ చిన్న కర్రతో జాగ్రత్తగా కొట్టి రెండో దెబ్బకి గ్రీను చేరతారు. ఆర్నాల్డ్ పామర్ మొదటి రోజు పెద్ద కర్ర తీసి ఒక్క దెబ్బకే గ్రీను చేరాలని చూశాడు. బంతి వాగులో పడింది. ఆరు దెబ్బలు పట్టాయి. ఆఖరి రౌండుకి ముందు అతను ఏడు దెబ్బలు వెనకబడి ఉన్నాడు. మళ్ళీ అదే టీ, అదే పెద్ద కర్ర. ఈసారి బంతి గ్రీను మీద ఆగింది. ఆ రౌండు 65లో ముగించి, రెండు దెబ్బల తేడాతో టోర్నమెంటు గెలిచాడు. రెండో స్థానం ఇరవై ఏళ్ళ జాక్ నిక్లాస్‌ది. ఒకే మనిషికి, ఒకే హోలు, ఒకే వారంలో ఆరూ ఇచ్చింది, మూడూ ఇచ్చింది. జాగ్రత్తపరుడికి ఒక దారి, సాహసికి ఇంకొక దారి. ఎవడి దారికి ఎంత ఖరీదో దాచకుండా చూపించింది.

అయితే ఇదంతా నేల గురించి. మొదటి హోలులో నేల కాకుండా ఇంకొకటి ఉంది: వరండా. మన గోల్కొండ కట్టినవాళ్ళకి ఈ మర్మం తెలుసు. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినబడుతుంది. వచ్చినవాడి మొదటి చప్పుడే పైవాళ్ళకి తెలిసిపోవాలి. ద్వారానికి అడ్డంగా ఒక గోడ కూడా కట్టారు, ఏనుగులు పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు ఢీకొట్టకుండా. (ఆ కోటని ఆనుకున్న నయా ఖిలాలో ఇప్పుడు గోల్ఫు మైదానముంది. తలుపుల సంగతి తెలిసిన చోటే చేరింది ఆట.) మొదటి టీ కూడా అలాంటి ద్వారమే. మిగతా పదిహేడూ చెట్లు చూస్తాయి. మొదటిది మనుషులు చూస్తారు.

దీనికి పరాకాష్ఠ సెంట్ ఆండ్రూస్. మేజరుగారి అబ్బాయి ఎడింబరోలో డాక్టరు. ఆయన అక్కడికి వెళ్ళినప్పుడు ఆదివారం పూట ఆ మైదానానికి పోయారు. ఆదివారం అక్కడ ఆట ఉండదు. ఊళ్ళోవాళ్ళు కుక్కల్నీ పిల్లల్నీ తీసుకుని ట్యాంక్‌బండ్ మీదికి షికారుకొచ్చినట్టు వస్తారు. మామూలు రోజుల్లోనైనా మొదటి హోలుకి అడ్డంగా ఒక వీధి పోతుంది, జనం నడుస్తారు. మేజరుగారు ఆ టీ మీద నిలబడి, ఉత్త చేతులతో గాలిలో ఒక్కసారి ఊపి వచ్చేశారు. "నా జీవితంలో అంత చక్కటి షాటు కొట్టలేదు" అంటారు.

ఆ హోలు పేరు "బర్న్", అంటే వాగు. 376 గజాలు. పక్కనే ఉన్న పద్ధెనిమిదో హోలుతో కలిసిపోయి వంద గజాలకు పైగా వెడల్పు. గోల్ఫు లోకంలో అంత విశాలమైన బాట లేదంటారు. ఒక్క ఇసక గుంటైనా లేదు. గ్రీనుకి ఆనుకుని ముందు ఒక పిల్లవాగు, అంతే. వెనకాల 1854 నాటి క్లబ్బు భవనం, దాని కిటికీలు. మొదటి దెబ్బ ఎవడైనా కొట్టగలడు. అలా కొట్టగలమన్నదే అక్కడి భయం.

1995 ఓపెన్ అక్కడ జరిగింది. ఆస్ట్రేలియావాడు ఇయాన్ బేకర్-ఫించ్ టీ మీదికొచ్చాడు. నాలుగేళ్ళ కిందట, 1991లో, అదే ఓపెన్ గెలిచినవాడు. పక్కన ఆడుతున్నది సాక్షాత్తూ ఆర్నాల్డ్ పామర్, ఓపెన్‌లో అతని వీడ్కోలు ఆట. జనం కిక్కిరిసి ఉన్నారు. బేకర్-ఫించ్ కొట్టిన బంతి ఎడమకి తిరిగింది. రెండు హోళ్ళ వెడల్పునీ దాటి, హద్దు అవతలికి పోయింది. అక్కడ అటుపక్క హద్దు దాటించాలంటే మామూలు మనిషి ప్రయత్నించినా కష్టమే. రెండేళ్ళ తర్వాత ట్రూన్‌లో మొదటి రౌండు 92 కొట్టి పోటీ నుంచి తప్పుకున్నాడు. టోర్నమెంటు ఆటకి దాదాపు స్వస్తి చెప్పాడు. ఆ తర్వాత టెలివిజన్ వ్యాఖ్యాతగా మంచి పేరే తెచ్చుకున్నాడనుకోండి. అయినా ఆ హోలు తలచుకున్నప్పుడల్లా నాకు బెంచీ కింద నా బంతి గుర్తొస్తుంది. ఛాంపియనుకీ గుమాస్తాకీ అంతరం లేని చోటు లోకంలో ఎన్ని ఉన్నాయి?

అయితే ఆ హోలు తప్పా? క్యాడీ కుర్రాడు అవుననేవాడేమో. నేను కాదంటాను. ఇరుకు హోలు మనకో సాకు ఇస్తుంది. ఇది ఇవ్వలేదు. ఇచ్చినదంతా చోటే.

ఇంతవరకూ వాదంలో మాకిద్దరికీ సమంగానే నడిచింది. నన్ను ఓడించింది కిందటేడు జరిగిన సంగతి. మేజరుగారికి గుండె ఆపరేషనయింది. పద్ధెనిమిది హోళ్ళు కాదు కదా, తొమ్మిది కూడా వద్దన్నాడు డాక్టరు. రెణ్ణెల్లు ఇంట్లో కూచున్నారు. పేపరు చదవడం, పనిమనిషి మీద కేకలెయ్యడం. మూడో నెలలో మళ్ళీ తెల్లవారుజామున మా తలుపు చప్పుడైంది. "డాక్టరు ఒక హోలుకి ఒప్పుకున్నాడు" అన్నారు. డాక్టరు నిజంగా ఒప్పుకున్నాడో లేదో నేను విచారించలేదు.

అప్పట్నించీ వారానికోసారి మొదటి హోలు ఒక్కటే ఆడుతున్నారాయన. ఆడి, కర్ర బ్యాగులో పెట్టించి, వెనక్కి నడుస్తారు. మొదట నాకది చూడటానికి బాధగా ఉండేది, మొదటి పేజీ చదివి పుస్తకం మూసేసినట్టు. కానీ ఆయన మొహంలో అలాంటిదేమీ లేదు. మునుపు గబగబా దాటిపోయిన చోట్ల ఇప్పుడు ఆగుతారు. గాలి ఎటునుంచో చూస్తారు. ఈ దక్కను బండరాళ్ళ మీద, నీళ్ళు చాలని రోజుల్లో, గ్రీన్ల బదులు నూనె కలిపిన ఇసకతో "బ్రౌన్లు" వేసేవారనీ, వాటి మీద బంతి ఎలా పోయేదో కొత్త క్యాడీకి చెబుతారు. ఒకనాడు నడుస్తూ నడుస్తూ, "గుమాస్తాగారూ, లోకంలో ఒక్క మొదటి హోలే ఆడనిస్తామంటే ఎక్కడికి పోతారు?" అని అడిగారు. నేను ప్రెస్ట్‌విక్ అన్నాను, పట్టాల కోసం. ఆయన సెంట్ ఆండ్రూస్ అన్నారు. "ఎందుకంటే, అక్కడ మొదటిదానికి పక్కనే పద్ధెనిమిదోది. మొదటిది ఆడి, వాగు దాటి, పద్ధెనిమిదో దాని మీదుగా ఇంటికొచ్చెయ్యొచ్చు. ఆట పూర్తయినట్టే ఉంటుంది."

ఇన్నాళ్ళూ నేను మొదటి హోలుని కావ్యముఖంగానే చూశాను. తరవాత వచ్చేదాన్ని సూచించాలి, ఊరించాలి, మించకూడదు అంటూ. తరవాత వచ్చేది లేనివాడికో? మన శతకాల్లో ముక్తకాలుంటాయి. ముందూ వెనకా లేకుండా ఒక్క పద్యం తీసి చదువుకున్నా దాని రసం దానికుంటుంది. మంచి మొదటి హోలు ఆ పరీక్షకీ నిలబడాలి. చెర్రీ హిల్స్ నిలబడుతుంది, అందులో ఒక నిర్ణయముంది. ప్రెస్ట్‌విక్ నిలబడుతుంది. లిథమ్ కూడా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, నిలబడుతుందేమో. ఒక్క దెబ్బలో చెప్పదల్చుకున్నది చెప్పేస్తుంది. పన్నీరు చల్లి పంపించే తేలిక హోళ్ళు మాత్రం నిలబడవు. వాటి బలమంతా తరవాతి హోళ్ళ మీద అప్పు. ఇక మన కంటోన్మెంటు హోలు విషయంలో మేజరుగారిదే గెలుపు. దాన్ని ఖరాబన్న క్యాడీ కుర్రాడు ఇప్పుడు ఏదో ఆఫీసులో డ్రైవరు. లేకపోతే అతనితో కూడా ఒప్పించేవాణ్ణి.

మొన్న ఆదివారం మేజరుగారు అయిదు దెబ్బల్లో ముగించారు. ఆఖరిది ఆరడుగుల దూరంనుంచి. చేతులు కొంచెం వణికాయి, బంతి గుంత అంచు మీద ఒక క్షణం ఆలోచించి లోపలికి పడింది. క్యాడీ జెండా మళ్ళీ గుంతలో నిలబెట్టాడు. నేను ఆ పూట పెద్ద కర్ర ముట్టుకోలేదు. ఏడో నంబరు ఐరన్ తీసి నెమ్మదిగా కొట్టాను. బంతి ఎనభై గజాలు పోయింది గానీ తిన్నగా పోయింది. వెనక్కి తిరిగి చూస్తే వరండాలో ఒక్కడూ ఇటు చూడటం లేదు. కొంచెం కష్టమనిపించింది సుమండీ.

ఆయనతోబాటే నేనూ వెనక్కి నడిచాను. ఏడు కొట్టకుండానే ఇల్లు చేరేసరికి మా ఆవిడ తులసికోట దగ్గర ముగ్గు వేస్తోంది.

"బంతి పోయిందా?" అంది.

"లేదే, జేబులోనే ఉంది."

"మరి ఇంత తొందరగా వచ్చేశారేం?"